బడిగోడ మీద ఇరవై ఇళ్ళ సంఖ్య

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల మాస్టర్లు నన్ను చూడవచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "సార్, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన పెద్ద లెక్క ఏది?" ఒకటి నుంచి ఇరవై దాకా ఉన్న సంఖ్యలను వరసగా గుణించడం అని చెబుతాను. పెద్దవాణ్ణి గదా, నా ఎదుట నవ్వరు. గేటు దాటాక నవ్వుకుంటారని నాకు తెలుసు. ఆ గేటు దాటి నవ్విన వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఆ గుణకారం చేసినప్పుడు నాకూ మీ వయసే. మీకంటే పొగరు కాస్త ఎక్కువ.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో సంగతి. ట్రైనింగ్ ముగించుకుని విరుదునగర్‌లో వ్యాపారులు నడిపే ఒక స్కూల్లో, సెలవు మీద పోయిన మాస్టరు బదులు లెక్కలు చెబుతున్నాను. పేరు మారి కొన్నేళ్ళయినా జనం ఇంకా ఆ ఊరిని విరుదుపట్టి అనే అనేవాళ్ళు. సెలవు మీద పోయినాయన నిక్షేపంగా ఆరోగ్యం కుదుటపడి తిరిగొచ్చాడు. అందరూ సంతోషించారు, నేను తప్ప. అప్పుడే కోవిల్‌పట్టి నుంచి బండిదారిన పోతే తగిలే ఒక రేగడి పల్లెలో కొత్త బడి కట్టారనీ, లెక్కలకు మనిషి కావాలనీ తెలిసింది. మరునాడే రైలెక్కాను.

ఊళ్ళో భూములున్నవాళ్ళంతా తెలుగు రైతులు. మా ఇళ్ళలో మాదిరే వాళ్ళకీ తెలుగు నోటిదే గాని చేతిది కాదు. గడప దాటితే తమిళం. నేను తెలుగు అక్షరాలు నేర్చుకుందే పెద్దయ్యాక, పట్టుదల మీద. హెడ్మాస్టరుది తమిళ ఇల్లు. ఊరివాళ్ళు తెలుగులో అడిగితే ఆయన తమిళంలో జవాబు చెప్పేవాడు, ఇద్దరికీ అర్థమయ్యేది. సన్నగా, మెల్లగా, గొంతు ఎప్పుడూ పెంచకుండా మాట్లాడే మనిషి. ఎవరైనా గట్టిగా తుమ్మినా సర్దిచెప్పడానికి లేచేవాడు. మూడోవాడు డ్రాయింగ్ మాస్టరు. సాత్తూరు వైపు తెలుగువాడు, అక్షరాలు రాస్తే అచ్చు వేసినట్టుండేవి. ముందు పని చేసి తర్వాత ఆలోచించేవాడు. మేం ముగ్గురమే ఆ బడి.

బడి అంటే మూడు గదులు, పెంకుల కప్పు, ముందు పెద్ద సున్నపు గోడ. అన్నీ తయారు. తాళం మాత్రం తీయలేదు. పిల్లలకు ఒక ప్రత్తి గోడౌనులో, దూది పీచు ముక్కుల్లోకి పోతుంటే, పాఠాలు చెబుతున్నాం. తుమ్ములకు సర్దిచెప్పలేక హెడ్మాస్టరు అలిసిపోయాడు.

తాళం తీయకపోవడానికి కారణం తాంబూలం. ఊళ్ళో ఇరవై ఇంటిపేర్లు ఉన్నాయి. బడికి దూలాలు, రాళ్ళు, పెంకులు, బండ్లు అన్నీ ఈ ఇరవై ఇళ్ళే సమంగా వేసుకున్నాయి. ఏ శుభకార్యంలోనైనా తాంబూలం వరసగా ఇస్తారు. ముందు అందుకున్న ఇంటికి ముందు మర్యాద. గుళ్ళో ఆ వరస తాతల నాడే తేలిపోయింది. బడి కొత్తది. దానికి వరస లేదు. తూర్పింటి పెద్దాయన గుడి వరసే బడికి కూడా అన్నాడు, ఎందుకంటే గుళ్ళో ఆయనే మొదలు. పడమటింటి పెద్దాయన, "గుడి కట్టినప్పుడు నీ తాత రాళ్ళు ఎక్కువ తోలినాడు, సరి. బడికి ఎవురి బండ్లు ముందొచ్చినాయో ఊరంతా చూడలేదా?" అన్నాడు. మిగతా పద్దెనిమిది ఇళ్ళకూ తలా ఒక న్యాయం ఉంది. మొదటి తాంబూలం ఒక్కటే అయితే ఎలాగో తేల్చేవాళ్ళం. "నేను మొదట లేకున్నా పరవాలేదు, వాడి వెనక మాత్రం నిలబడను" అనేవాళ్ళే ఎక్కువ. అంటే మొదటి చోటే కాదు, ఎవరి వెనక ఎవరు అన్నదంతా గొడవే.

ఈ గొడవ తేలాలని అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్న మనిషి ఆ ఇరవై ఇళ్ళలో లేదు. వంకకు అవతల పేటలో కూలి చేసుకునే తెలుగు కుటుంబాలు ఉండేవి. బడికి పునాది తవ్విందీ సున్నం మోసిందీ వాళ్ళే. వాళ్ళలో ఒకామె రోజూ కూతురిని వెంటబెట్టుకొని సున్నపు గుంట దగ్గరికి వచ్చేది. పక్క గోడలకు సున్నం రెండో పూత ఇంకా మిగిలి ఉంది. నేను చేరిన వారంలోనే నన్ను ఆపి అడిగింది.

"వాద్యారు సామీ, ఈ గోడలు మేము కట్టినాము. మా పాపను లోపలికి రానిస్తారా?"

హెడ్మాస్టరును అడిగాను. సర్కారు గుర్తింపు కావాలంటే అందరి పిల్లల్నీ చేర్చుకోవాలన్నాడు. అదే మాట పెద్దలతో అంటే, "ముందర తాంబూలం తేలనీండి. దాని తర్వాత ఆ సంగతి చూస్తాము" అన్నారు. చూస్తాము అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇదిలా ఉండగా ఇన్స్పెక్టరు వస్తానని తేదీ చెప్పి పంపాడు. ఆ రోజుకు బడి తెరిచి ఉండకపోతే మాకు రావలసిన గుర్తింపు పుదూరు వైపు ఇంకో ఊరికి పోతుంది. మాకు ముగ్గురికీ ఉద్యోగాలుండవు. ఆ పాపకు బడే ఉండదు.

అప్పుడు హెడ్మాస్టరు, పాపం, మంచికే పోయి ఒక మాట అన్నాడు. "ఏడాదికొకసారి బడి పండగ చేద్దాం. ఒక్కో ఏడు ఒక్కో వరసలో తాంబూలం ఇద్దాం. సాధ్యమయ్యే వరసలన్నీ గోడ మీద రాసి పెడతాం. అన్నీ అయిపోయే సరికి ఎవరూ ఎవరికీ తక్కువ కాదు."

పెద్దలు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. ఇంత సులువైన మాట మనకు తట్టలేదే అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. డ్రాయింగ్ మాస్టరు ఆ మధ్యాహ్నమే నీలిరంగు కలిపి, నిచ్చెన వేసుకొని వెనక గోడ ఎక్కాడు. "ఇరవై ఇళ్ళు. ఇరవై ఇరవైలు నాలుగు వందలు. పొడుగు గోడ చాలు" అన్నాడు నాతో.

నేను అప్పుడు కింద నిలబడి వేరుశెనగలు నములుతున్నాను. చెప్పాలనిపించింది, కాని పని చేసేవాణ్ణి చూడ్డంలో ఒక సుఖం ఉంది. అలవాటు కోసమని అతను ముందు రెండు ఇళ్ళతో మొదలుపెట్టాడు: రెండు వరసలు. మూడో ఇల్లు చేర్చాడు: ఆరు. నాలుగోది చేర్చేసరికి ఇరవై నాలుగు. అయిదో ఇల్లు చేరేసరికి నూట ఇరవై వరసలై వెనక గోడ నిండిపోయింది. నిచ్చెన మీద నుంచే తల తిప్పి చూశాడు.

"ఇంకా పదిహేను ఇళ్ళు ఉండాయి గదా?"

"ఉన్నాయి."

"కోవిల్‌పట్టిలో రంగు దొరుకుతుంది, గోడ దొరకదు."

అతను దిగాక నేనూ హెడ్మాస్టరూ బెంచీ మీద కూర్చున్నాం. మొదటి చోట ఇరవై మందిలో ఎవరైనా రావచ్చు. రెండో చోట మిగిలిన పంతొమ్మిది మందిలో ఎవరైనా. అలా చివరిదాకా. కాబట్టి ఒకటి నుంచి ఇరవై దాకా అన్నీ గుణించాలి. గుణించాను. హెడ్మాస్టరు విడిగా గుణించాడు. ఇద్దరికీ వేరే వేరే జవాబులు వచ్చాయి. మళ్ళీ గుణించాం. ఈసారి ఆయనది మారింది, నాది మారలేదు.

2432902008176640000.

మన పద్ధతిలో చదవాలంటే ఊపిరి బిగపట్టాలి: ఇరవై నాలుగు వేల మూడు వందల ఇరవై తొమ్మిది కోట్ల రెండు లక్షల ఎనిమిది వందల పదిహేడు కోట్ల అరవై ఆరు లక్షల నలభై వేలు. దీన్ని పెద్దల ముందు చదవబోయే ముందు నమ్మకమైన మనిషితో సరిచూపించుకోవాలనిపించింది. ఆదివారం విరుదునగర్ పోయాను.

అక్కడ నా పాత స్కూల్లో లెక్కల పెద్ద మాస్టరు ఒకాయన ఉండేవాడు. మిరపకాయల మండీ వెనక వీధిలో ఇల్లు. మిరప ఘాటుకు ముక్కు తుడుచుకుంటూ సంఖ్య చూశాడు. గుణించనే లేదు. "గుణించి చూసేవాడు గుమాస్తా. సంఖ్యను పలకరించి చూడాలి" అన్నాడు. ముందు చివర చూశాడు. నాలుగు సున్నాలు. "అయిదు, పది, పదిహేను, ఇరవై, నాలుగింటిలో తలా ఒక అయిదు ఉంది. రెండులకు కరువు లేదు. కాబట్టి నాలుగు సున్నాలు ఉండి తీరాలి, అయిదోది ఉండకూడదు. సరే." అంకెలన్నీ కూడాడు: యాభై నాలుగు. తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. తర్వాత కుడి వైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీశాడు. ఒక గుంపు విడిచి ఒక గుంపు కూడాడు. ఆ వైపు వెయ్యీ ఎనభై, ఈ వైపు వెయ్యీ ఎనభై. త్రాసు ముల్లు నిలబడ్డట్టు నిలబడింది. "అంటే వెయ్యిన్నొకటితో పోతుంది. వెయ్యిన్నొకటి అంటే ఏడు, పదకొండు, పదమూడు గుణిస్తే వచ్చేది. మూడూ ఒక్క దెబ్బకు అయిపోయాయి. పదిహేడు, పంతొమ్మిది మాత్రం భాగించి చూడాల్సిందే, వాటికి మర్యాద ఎక్కువ." వాటితోనూ పోయింది.

ఆయన ముఖం చూడాలి. మిరప ఘాటు వల్లో ఆనందం వల్లో కళ్ళలో నీళ్ళు. "ఒకటి నుంచి ఇరవై దాకా ఏ సంఖ్య వచ్చి అడిగినా లేదనకుండా సమంగా పంచే సంఖ్య ఇది. ఇంత ధర్మాత్ముణ్ణి మనుషుల్లో నేను చూడలేదు" అన్నాడు. రైలుకు బయల్దేరుతుంటే మెల్లగా, "ఆ బడి తెరుచుకోకపోతే ఇక్కడ ప్రత్తి ప్రెస్సులో గుమాస్తా పని ఖాళీ ఉంది. చెప్పి ఉంచుతాను" అన్నాడు. గుమాస్తా అన్న మాట ఆయన నోట ఇందాకే ఎలా విన్నానో మీరు చదివారు. దారి పొడుగునా మనసు చివుక్కుమంటూనే ఉంది.

పెద్దల ముందు సంఖ్య చదివాను. తూర్పింటి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఏడాదికొక వరస అంటిరి. ఈ కలియుగం ముగిసేలోపల అయిపోతుందా?"

కలియుగానికి నాలుగు లక్షల ముప్పై రెండు వేల ఏళ్ళు. భాగించి చూపించాను. శేషం లేకుండా పోయింది. "అయిదు లక్షల అరవై మూడు వేల కోట్ల కలియుగాలు దాటుతాయి పెద్దయ్యా."

తిడతారనుకున్నాను. హెడ్మాస్టరు అప్పటికే సర్దిచెప్పడానికి సగం లేచాడు. తీరా చూస్తే పెద్దాయన ముఖం వికసించింది.

"మన ఊరికి ఇంత పెద్ద లెక్క, ఇంత పెద్ద కణక్కు ఉండాదా! కోవిల్‌పట్టి మిల్లు సావుకారుకు ఉండాదా ఇట్లాటిది?"

"లేదు పెద్దయ్యా."

పడమటింటి పెద్దాయనకు అనుమానం తీరలేదు. "దీంట్లో మా ఇల్లు ఎన్ని మాట్లు ముందొస్తుంది?"

"ఇరవైలో ఒక వంతు. తూర్పిల్లు కూడా అంతే. ఏ ఇల్లయినా అంతే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు."

"వాడి ముందర నేనుండేది?"

"సరిగ్గా సగం వరసల్లో. మిగతా సగంలో ఆయన మీ ముందు."

"ఆ సగం నేను చూసే పనిలేదు గదా?"

"అయిదు లక్షల కోట్ల కలియుగాల్లో ఎప్పుడో."

ఆయన కూడా నవ్వాడు. అప్పుడు తూర్పింటి పెద్దాయన తీర్పు చెప్పాడు. అందరి వరసలూ ఆ సంఖ్య కడుపులోనే ఉన్నాయి కాబట్టి సంఖ్యను బడి ముందు గోడ మీద పెద్దగా రాయించాలి. మొదటి తాంబూలం దానికే పెట్టాలి. తర్వాత ఇరవై పళ్ళేలు ఒకే గంపలో పెడితే ఇరవై మందీ ఒక్కసారే చెయ్యి పెట్టి తీసుకోవాలి. ఊరు ఊరంతా ఒప్పుకుంది. ఆ సాయంత్రం గోడౌను వరండాలో మేం ముగ్గురం ఉద్యోగాలు దక్కాయని కోవిల్‌పట్టి కడలై మిఠాయి, అంటే వేరుశెనగ పట్టీ, పంచుకు తిన్నాం. సున్నపు గుంట దగ్గరామె దూరం నుంచే, "తేలిందా సామీ?" అని కేకేసింది. తేలిందన్నాను. "అట్లయితే మాదీ తేల్చండి" అంది. చేతిలో మిగిలిన మిఠాయి పొట్లంలో పెట్టేశాను. పెద్దల 'చూస్తాము' ఇంకా చూస్తాముగానే ఉంది మరి.

ఇన్స్పెక్టరు వచ్చే రోజు రానే వచ్చింది. నేనూ హెడ్మాస్టరూ పొద్దున్నే కోవిల్‌పట్టి స్టేషనుకు పోయి ఆయన్ని బండిలో ఎక్కించుకొని వచ్చాం. కళ్ళజోడు మనిషి, గణితం పట్టా ఉన్నవాడు. దారిలో రేగడి గతుకులకు కళ్ళజోడు ఎగురుతున్నా మా సంఖ్య కథ వింటూ పడీ పడీ నవ్వాడు. మా పని గట్టెక్కిందనుకున్నాను. బడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. మేళం వాయిస్తున్నారు. పడమటింటి పెద్దాయన కొత్త అంగవస్త్రం కప్పుకున్నాడు. గోడ మీద నీలి అంకెలు గుమ్మడికాయలంత ఉన్నాయి. వాటి కింద పీట మీద మొదటి తాంబూలం.

ఇన్స్పెక్టరు బండి దిగి, కళ్ళజోడు తుడుచుకొని చూశాడు.

"చివర ఒకటి ఉందేమిటి?"

చూశాను. నాలుగో సున్నా ఉండవలసిన చోట ఒకటి నిగనిగలాడుతోంది. డ్రాయింగ్ మాస్టరు నా చెవి దగ్గరికి వచ్చాడు.

"తూర్పింటాయన చెప్పినాడు. సున్నాతో ముగిస్తే అచ్చిరాదంట. ఒకటి కలిపినాను. ఒకటే గదా?"

మా వైపు పెండ్లిళ్ళలో చదివింపులను మొయ్యి అంటారు. మొయ్యి ఎవరు రాసినా నూరు రాయరు, నూటొకటి రాస్తారు. సున్నా దగ్గర ఆగిపోతే అక్కడితో తెగిపోయినట్టు. ఒకటి ఉంటే ఇంకా సాగుతుందని నమ్మకం. పెండ్లికి పనికొచ్చే మర్యాదను ఆ పెద్దాయన సంఖ్యకు కూడా చేశాడు. ఆయన్ని ఏమనగలం?

పడమటింటి పెద్దాయన చెవులు చురుకైనవి. "ఏంది, ఒకటి ఎక్కువుండాదా? ఇరవై ఇండ్లకు పంచితే ఆ ఒకటి ఎవురికి?"

"నేను రాయించింది మంచికేరా" అన్నాడు తూర్పింటాయన.

"మంచికే! ఆ ఒకటి నీ ఇంటికి తోసుకునేదానికి!"

మేళం ఆగింది. పద్దెనిమిది ఇళ్ళూ ఒక్కసారే మాట్లాడ్డం మొదలుపెట్టాయి. హెడ్మాస్టరు అటు నలుగురికీ ఇటు నలుగురికీ సర్దిచెబుతూ తిరిగాడు. ఎవరో, "పోనీ జట్లుగా పంచుకుందాం. అయిదు జట్లు చెయ్యండి" అన్నారు. ఒకటి మిగులుతుందన్నాను. "నాలుగు జట్లు?" ఒకటి. "ఏడు?" ఒకటే. ఇన్స్పెక్టరుకు హుషారు వచ్చింది. జేబులోంచి పెన్సిలు తీసి, "రెండు నుంచి ఇరవై దాకా దేనితో భాగించినా ఒకటే మిగులుతుంది! ముందున్న సంఖ్య అన్నిటితోనూ పోయేది కదా, దానికి ఒకటి చేరిస్తే అన్నిటికీ అదే ఒకటి మిగలాలి. ఎంత అందంగా చెడిపోయింది!" అన్నాడు. ఆయనకు అందంగానే ఉంది. నాకు విరుదునగర్ ప్రత్తి ప్రెస్సు కళ్ళ ముందు కనిపిస్తోంది. పొద్దుటిదాకా అడిగినవాళ్ళకల్లా లేదనకుండా పంచిన సంఖ్య, ఒక్క గీతతో ఎవరికీ లొంగనిదైపోయింది.

డ్రాయింగ్ మాస్టరు తడిగుడ్డ తెచ్చాడు. తుడిచి సున్నా చేస్తానన్నాడు. తూర్పింటాయన అడ్డం నిలబడ్డాడు. దీపం వెలిగించాక, మేళం మోగాక రాసింది తుడిచేది అపశకునం అన్నాడు. ఆ మాటకు మాత్రం పడమటింటాయన కూడా తలూపాడు. తుడవకూడదు, ఉంచకూడదు. ఇన్స్పెక్టరు గడియారం తీసి చూశాడు. సాయంత్రం రైలుకు ఆయన కోవిల్‌పట్టిలో ఉండాలి.

"తెరిస్తే తెరవండి. తెరవకపోతే నేను తెరవలేదనే రాసుకుంటాను" అన్నాడు, నవ్వు ఆపేసి.

అప్పుడు హెడ్మాస్టరు, ఎప్పటి గొంతుతోనే, ఎవరికో మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మెల్లగా అన్నాడు. "ఆ ఒకటి ఈ ఇరవై ఇళ్ళలో ఎవరికిచ్చినా పంతొమ్మిది ఇళ్ళకు తక్కువవుతుంది. ఇరవైలో లేని ఇంటికి ఇచ్చేస్తే ఎవరికీ తక్కువ కాదు."

అందరూ ఆయన వైపు చూశారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ కాసేపు ఇరవై తలల్లో ఇరవై లెక్కలు జరిగాయి. నాకు రాకపోతే రాకపోయింది, వాడికి రాకుండా ఉంటే చాలు. ఇంతకాలం బడి తలుపు మూసి పెట్టిందే ఆ పంతం, ఆ రోజు దాన్ని తెరిచింది కూడా అదే.

"వాడి ఇంటికి పోకుంటే సరి" అన్నాడు పడమటింటాయన.

"నాకూ అదే సరి" అన్నాడు తూర్పింటాయన, "ఇరవైలో లేని ఇల్లు ఏది?"

హెడ్మాస్టరు సున్నపు గుంట వైపు చెయ్యి చాపాడు. ఆమె అక్కడే ఉంది, కూతురి చెయ్యి పట్టుకొని, మోచేతుల దాకా తెల్లటి సున్నంతో. తూర్పింటాయన నోరు తెరిచాడు. ఇప్పుడే అందరి ముందూ సరి అన్నాడు. మళ్ళీ కాదంటే ఆ ఒకటి ఎవరింటికి పోతుందో చెప్పాలి. నోరు మూసుకున్నాడు.

ఆమె వెంటనే రాలేదు. నాలుగుసార్లు పిలిస్తే గాని కదల్లేదు. వచ్చి, పీటకు దూరంగా నిలబడింది. హెడ్మాస్టరు, ఆ ఒకటికి వంతు ఇదేనంటూ, పీట మీది మొదటి తాంబూలం పళ్ళెం రెండు చేతులతో ఎత్తి ఆమె ముందుకు వెళ్ళాడు. ఆమె కొంగు పట్టలేదు.

"తాంబూలం మాకెందుకు సామీ? మా పాప సంగతి చెప్పండి."

"మొదటి తాంబూలం ఏ ఇంటిదో రిజిస్టరులో మొదటి పేరూ ఆ ఇంటిదే" అన్నాడు హెడ్మాస్టరు. వరసలో పట్టుదల ఎలా ఉండాలో ఆ ఊరే ఆయనకు నేర్పింది. పెద్దలంతా పక్కకు తిరిగి చూశారు. ఇన్స్పెక్టరు అక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో పెన్సిలు ఇంకా అలాగే ఉంది.

ఆమె అప్పుడు కొంగు పట్టింది. ఏడ్చిందని రాస్తే బాగుంటుంది గాని ఏడవలేదు. తమలపాకులు ఒకసారి తిప్పి చూసుకుని, మంచివేనని తేల్చుకున్నట్టు ముడి వేసుకుంది. నాకే కళ్ళు మసకలైనాయి. మేళం మళ్ళీ మొదలైంది. ఇరవై మంది పెద్దలూ ఒకే గంపలో ఒకేసారి చేతులు పెట్టి, మోచేతులు తగిలించుకుంటూ, పోకలు నేల మీద ఒలకబోస్తూ పళ్ళేలు తీసుకున్నారు. అంత సంతోషంగా జరిగిన తోపులాట నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజుతో ఊరు మారిపోయిందని చెప్పను. మీరు నమ్మరు కూడా. మొదట్లో ఆ పాప తలుపు దగ్గర విడిగా ఒక చెక్కపలక మీద కూర్చునేది. ఆ పిల్ల వెనకాలే పేట నుంచి ఇంకొందరు పిల్లలు వచ్చారు. ఒకరిద్దరు పెద్దలు వాళ్ళ పిల్లల్ని మాన్పించారు, మళ్ళీ పంపించారు. భాగహారం నేర్పేటప్పుడు నేను ఎవరి పక్కన ఎవరు అన్నది చూడకుండా జట్లు చేసేవాణ్ణి. కొన్ని వారాలకు ఆ పాప జరిగి జరిగి మూడో బెంచీ మీదికి వచ్చింది. ఎవరు జరగమన్నారో, ఎవరు చోటిచ్చారో నేను గమనించలేదు. తూర్పింటి పెద్దాయన మనుమరాలు పక్కనే ఉండేది. ఇద్దరూ ఎక్కాలు ఒకరికొకరు తప్పు చెప్పుకొని కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆ పెద్దాయన రోజూ బడి ముందు ఆగి, గోడ మీది సంఖ్యను కింది నుంచి పైకీ, పక్క నుంచి పక్కకూ చూసుకొని, ఆ పైన కిటికీలోంచి లోపలికి ఒకసారి తొంగి చూసి పోయేవాడు. ఏం చూస్తున్నాడో మేం అడగలేదు.

వానలు పడ్డాక ఇన్స్పెక్టరు రిపోర్టు వచ్చింది. బడికి గుర్తింపు ఇచ్చారు. మెచ్చుకోలు కూడా ఉంది. అడుగున మాత్రం ఒక మాట: ముందు గోడ మీది సంఖ్యలో చివరి అంకె తప్పు, సరిదిద్దవలెను. ఎంత నవ్వినా ఆయన గణితం మనిషే గదా. హెడ్మాస్టరు సర్కారు మాట జవదాటడు. డ్రాయింగ్ మాస్టరును రంగు కలపమన్నాడు. నాకూ సరే అనిపించింది. లెక్కల మాస్టరు పాఠం చెప్పే గోడ మీద తప్పు ఉండకూడదు కదా?

డ్రాయింగ్ మాస్టరు నిచ్చెన ఎక్కుతుండగా తూర్పింటాయన వచ్చాడు. వెనకాలే ఎందుకో పడమటింటాయన కూడా వచ్చాడు. హెడ్మాస్టరు విషయం చెప్పాడు.

"తప్పా అది?" అని నన్ను అడిగాడు తూర్పింటాయన.

"తప్పే పెద్దయ్యా. సున్నా ఉండాలి."

ఆయన గోడ చూశాడు. కిటికీలోంచి మూడో బెంచీ చూశాడు. పడమటింటాయన వైపు తిరిగాడు. ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపాడు. పంతానికీ శకునానికీ కాకుండా ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం మేం చూసిన మొదటిసారి అదే.

"తప్పయితే తప్పే ఉండనీ వాద్యారయ్యా" అన్నాడు తూర్పింటాయన. "ఆ ఒకటి తుడిస్తే ఆ పాప యాడ కూకుంటాది?"

డ్రాయింగ్ మాస్టరు నిచ్చెన దిగాడు.